గిత్తకు పళ్ళు లెక్కపెడతారు, బండి నడిపేవాడికి?

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,



గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతికీ, శివరాత్రికీ, ఉగాదికీ బండలాగుడు పందాలు జరుగుతాయి. ఒంగోలు గిత్తల జతను బరిలోకి దించే ముందు ఒక పని తప్పకుండా జరుగుతుంది. అనుభవమున్న పెద్దాయన ఒకరు గిత్త దగ్గరికి వెళ్ళి, ముక్కుతాడు పట్టి మూతి పైకెత్తి, బొటనవేలితో కింది పెదవి దించి, ముందు పళ్ళు లెక్కపెడతారు. గిత్త తల విదిలిస్తుంది, చొంగ ఆయన మోచేతి దాకా కారుతుంది, అయినా లెక్క తేలేదాకా ఆయన వదలరు. పాలపళ్ళదైతే ఒక విభాగం. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన జూనియర్లు, సీనియర్లు. ఏ విభాగం బండ ఆ విభాగానిదే. రెండు పళ్ళ గిత్త ఎంత పొగరుగా ఉన్నా, దాని యజమాని ఎంత మోతుబరి అయినా, సీనియర్ల బండకు కట్టనివ్వరు. కడితే ఏమవుతుందో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. మెడ పోతుంది.

అదే ఊరి కుర్రాడు 112 కిలోల బండి దిగి 195 కిలోల బండి ఎక్కేటప్పుడు అతని పళ్ళు ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఈ లేఖ ఆ సంగతి గురించే.

ఈ నల్లరేగడి నేల మీద మొదటి బండి అంటే చాలా ఇళ్ళలో హీరో స్ప్లెండరే, కాకపోతే దాని తోటిదే ఇంకొకటి. 97.2 సీసీ ఇంజను, ఎనిమిది హార్స్‌పవర్, 112 కిలోలు. పొలానికి పురుగుమందు డబ్బాలు, కేంద్రానికి పాల క్యాను, బడికి పిల్లలు, ఆసుపత్రికి అమ్మ, అన్నీ దాని మీదే. వానాకాలం డొంకలో చక్రానికి రేగడి మట్టి పట్టి మడ్‌గార్డు బిగుసుకుపోతే, ఇద్దరు మనుషులు ఎత్తి గట్టు మీద పెట్టేస్తారు. ఆ బండి తప్పులు క్షమిస్తుంది. గేరు తప్పు వేసినా, మలుపులో క్లచ్చి వదిలేసినా, ఆగేటప్పుడు కాలు ఆలస్యంగా దించినా, ఒకసారి గునిసి ఊరుకుంటుంది.

దాన్ని పదేళ్ళు నడిపినవాడికి పెద్ద బండి మీద మనసు పడటంలో తప్పేముంది? చిలకలూరిపేట నుంచి మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒంగోలు పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద చిన్న బండి వేసుకొని వెళ్ళినవాళ్ళకు ఆ బాధ తెలుసు. బండి అరవైలో పోతుంటుంది. వెనక నుంచి చెన్నై లారీ హారన్ కొడుతూ వచ్చి పక్కగా దూసుకుపోతే, ఆ గాలికే బండి అటూ ఇటూ ఊగుతుంది. వెనక కూర్చున్న మనిషి భుజం గట్టిగా పట్టుకుంటుంది. గుంటూరు నుంచి ఒంగోలు చేరేసరికి నడుం పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. క్రూయిజర్ అనే రకం పెద్ద బండికి సీటు కిందికి ఉంటుంది, కాళ్ళు ముందుకు చాచుకోవచ్చు, ఎనభైలో కూడా ఇంజను నింపాదిగా కొట్టుకుంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు నేల నుంచి 765 మిల్లీమీటర్ల ఎత్తే. పొట్టివాళ్ళకు కూడా రెండు కాళ్ళూ నిండుగా ఆనుతాయి. భార్యను ఎక్కించుకొని సూర్యలంక సముద్రానికో, కోటప్పకొండకో వెళ్ళేవాడికి అది దర్జా కోసమే కావాలనుకోకూడదు. దూరం పోయేవాళ్ళకు అది అవసరం కూడా.

పైగా ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతకు మించిన వాటి మీద 40 శాతం అయింది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, మీటియర్, హంటర్, బుల్లెట్, అన్నీ 349 సీసీవే కాబట్టి అన్నీ తగ్గాయి.

మిర్చి పండించే ఊళ్ళలో బండి ధరను రూపాయల్లో చెప్పుకోరు, క్వింటాళ్ళలో లెక్కవేస్తారు. రెండు లక్షలనే అనుకుంటే, 2023లో మిర్చి ఇరవై వేలు దాటి పలికినప్పుడు గుంటూరు యార్డులో పది క్వింటాళ్ళు దించితే బండి ఇంటికొచ్చేది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చినప్పుడు అదే బండికి పదిహేడు క్వింటాళ్ళు కావాల్సి వచ్చింది. పత్తి అయితే, 2025-26లో పొడుగు పింజకు ఇచ్చిన మద్దతు ధర 8,110 ప్రకారం దాదాపు ఇరవై అయిదు క్వింటాళ్ళు. అంత చెమట పోసి కొనుక్కునే వస్తువు. దాన్ని నడపడం నేర్పడానికి మాత్రం ఒక్క గంట కూడా ఎవరూ కేటాయించడం లేదు.

షోరూమ్ దగ్గర ఆ రోజు ఎలా జరుగుతుందో మీ శాఖకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. దండ వేస్తారు, కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, తాళం చెవి చేతికిస్తూ ఫోటో తీస్తారు. సెల్ఫు ఎక్కడుందో, సర్వీసు ఎప్పుడో చెబుతారు. ఈలోగా సాయంత్రం అవుతుంది. వెంట వచ్చిన బావమరిది వెనక ఎక్కుతాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆ బరువును తొడల మధ్య పెట్టుకున్నవాడు, ఆ వెనక ఇంకో డెబ్బై కిలోలు వేసుకొని, లారీలు లైట్లు వేసుకునే వేళ రహదారి ఎక్కుతాడు.

మొదటి దెబ్బ రహదారి మీద తగలదు. చాలామందికి అది పెట్రోలు బంకులో తగులుతుంది. పెట్రోలు కొట్టించుకొని, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, నింపాదిగా వెనక్కి మళ్ళబోతారు. స్ప్లెండర్ రెండు చక్రాల మధ్య దూరం 1,236 మిల్లీమీటర్లు, మీటియర్‌ది 1,400. ఆ మలుపులో తిరగదు. తిరగడం లేదని కంగారుపడి, చేతికందిన ముందు బ్రేకు ఒక్కసారి నొక్కుతారు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి ఆ పక్కకే ఒరుగుతుంది. స్ప్లెండర్ అయితే కాలు ఆనించి ఆపుకోవచ్చు. ఇక్కడ ఒరిగేది అంతకంటే దాదాపు 80 కిలోలు ఎక్కువ బరువు, అంటే సుమారు రెండు మిర్చి టిక్కీల (బస్తాల) బరువు. కాలు ఆపలేదు. కుడివైపు పడితే కాలుతున్న సైలెన్సరు పిక్క మీద పడుతుంది. లుంగీలో ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. బంకులో కుర్రాళ్ళు నలుగురు పరుగున వచ్చి ఎత్తుతారు.

ఇదంతా ముందే నేర్పగలిగిన విషయం. నెమ్మదిగా మళ్ళేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోకూడదు. క్లచ్చి సగం పట్టి, వెనక బ్రేకు కాస్త ఒరుసుకునేట్టు తొక్కి, చక్రం వైపు కాకుండా వెళ్ళాల్సిన వైపు తల తిప్పి చూడాలి. పడిపోయిన బండిని ఎత్తడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు తాళం చెవి తిప్పి ఇంజను ఆపాలి. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే దించి, గేరులో ఉంచాలి. బండికి వీపు ఆనించి గొంతుక్కూర్చొని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు కింది కడ్డీ పట్టుకొని, నడుముతో లాగకుండా తొడల బలంతో వెనక్కి అడుగులు వేస్తూ లేపాలి. బస్తా ఎత్తే హమాలీకి ఈ సూత్రం ఒక్క మాటలో అర్థమవుతుంది. గంటసేపట్లో వచ్చే విద్య ఇది.

ఒకప్పుడు ఈ మెట్లు వాటంతటవే ఉండేవి. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీఎస్ 50 వచ్చింది. ఈ ప్రాంతంలో ఎంతమంది రైతులు సైకిల్ దిగి టీవీఎస్ ఎక్కారో, దాన్ని ఎన్నేళ్ళు వాడారో! ఆ పై మెట్టు రాజ్‌దూత్, 1985 నుంచి సీడీ 100, 1994 నుంచి స్ప్లెండర్. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పదేళ్ళో, ఒక తరమో పట్టేది. బుల్లెట్ ఊరికొకటో రెండో ఉండేవి. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టినప్పటి నుంచి ఆ బండి సైన్యానిదీ, పోలీసులదీ, కొద్దిమంది పెద్ద రైతులదీ.

ఆ పాత బుల్లెట్టే తన మీద ఎక్కేవాడికి పరీక్ష పెట్టేది. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. స్టార్టు చేయాలంటే ఆంపియర్ మీటరు ముల్లు చూసి, డీకంప్రెసర్ నొక్కి, కిక్కు రాడ్డు సరైన చోటికి తెచ్చుకొని అప్పుడు తొక్కాలి. తెలియకుండా తొక్కితే కిక్కు వెనక్కి కొట్టి చీలమండ వాచిపోయేది. అందుకే కొత్తగా కొన్నవాడు మెకానిక్ దగ్గరో, పాత బుల్లెట్ నడిపిన బాబాయి దగ్గరో వారం రోజులు తిరిగి నేర్చుకునేవాడు. సెల్ఫు వచ్చాక ఆ గడప పోయింది. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, కాళ్ళలో బలం తక్కువున్నవాళ్ళు కూడా ఇప్పుడు ఈ బండి నడపగలుగుతున్నారు. అది మంచి మార్పు. గడప పోయిన చోట గురువును పెట్టకపోవడమే లోటు.

ఇక అసలు విషయం బ్రేకు.

మీ శాఖ మోటారు వాహనాల తనిఖీ అధికారిని తెలుగునాట ఇప్పటికీ జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆ పేరులో ఎంత అర్థముందో! బండి తోలడమంటే ఆపడం తెలియడమేనని పాతకాలం వాళ్ళు గ్రహించారు. ఊళ్ళో బండి నేర్పే అన్నలు, బాబాయిలు మాత్రం అందరూ ఒకే మాట చెబుతారు: "ముందు బ్రేకు ముట్టుకోబాకరా, బోర్లా పడతావు." డొంకల్లో, ఇసుకలో, ముప్పై స్పీడులో, డ్రమ్ము బ్రేకుల బండి మీద ఆ మాటకు కొంత అర్థం ఉంది. అలా నేర్చుకున్నవాడి కుడి కాలు పదేళ్ళు వెనక బ్రేకు తొక్కి తొక్కి అలవాటు పడుతుంది. కుడి చేతి నాలుగు వేళ్ళకు బ్రేకు అనే సంగతే తెలియదు.

బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత బిగించినా అది జారడమే తప్ప ఆపలేదు. ఎనభైలో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. అంటే ఎదురుగా ఉన్నదాన్ని చూసి కాలు కదిలేలోపే ఒక చిన్న కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు దాటిపోతుంది. అక్కడి నుంచి, పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగ్గా వాడినవాడు సుమారు 35 మీటర్లలో ఆపగలడు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కినవాడికి దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. క్రూయిజర్ పొడుగు బండి కాబట్టి వెనక బ్రేకు కాస్త ఎక్కువే పనిచేస్తుంది, కానీ అసలు పని ముందుదే. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. బ్రేకు నొక్కని చేతి బదులు మాత్రం అది నొక్కదు. రెండు లక్షల బండికి పెద్ద డిస్కు, దానికి ఏబీఎస్, అన్నీ ఉంటాయి. చిన్నప్పుడు బాబాయి చెప్పిన మాట వల్ల అవన్నీ ఊరికే పడి ఉంటాయి.

ముందు బ్రేకు పట్టడం నేర్పడం కష్టమేమీ కాదు. ఒక్కసారిగా గుంజకుండా, నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఇరవైలో పది సార్లు, నలభైలో పది సార్లు, అరవైలో అయిదు సార్లు చేస్తే వేళ్ళకు తెలిసిపోతుంది. దానికి కావలసింది గేదెలు, ట్రాక్టర్లు అడ్డురాని, నున్నటి, పొడుగాటి నేల. చెంతన నిలబడి "ఇంకొంచెం గట్టిగా" అనే మనిషి.

మన రోడ్లు ఎలాంటివో కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. వేగం ఎక్కువున్న బండికీ, పంట చేల మధ్య రోడ్డుకీ పొత్తు కుదరడం కష్టం. తొలకరికి చేలోంచి ట్రాక్టరు రోడ్డెక్కితే చక్రాలకు పట్టిన రేగడి మట్టి గడ్డలుగా రాలుతుంది. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయా, తారు రోడ్డు కాస్తా సబ్బు నీళ్ళు పోసిన గచ్చు అవుతుంది. పత్తి తీతలప్పుడు బోరేలు నింపిన ట్రాక్టర్ల వెనక లైటు కనపడదు, బోరేలు రెండు పక్కలా బయటికి వేలాడుతుంటాయి. మిర్చి కల్లాల రోజుల్లో టిక్కీలు వేసుకొని తెల్లవారుజామునే యార్డుకు పోయే వాహనాలు అద్దంకి, నరసరావుపేట వైపు నుంచి వరుస కడతాయి. మొక్కజొన్నో, కందో, మినుమో రోడ్డు మీద ఆరబోస్తే రాత్రిళ్ళు దాని చుట్టూ పెట్టిన రాళ్ళు అలాగే ఉండిపోతాయి. అరవైలో పోయేవాడికి ఇవన్నీ తెలుసు, పుట్టి పెరిగిన రోడ్డు కదా! తెలియనిదల్లా, కొత్త బండి మీద ఎనభై కూడా అరవైలాగే అనిపిస్తుందని. పెద్ద ఇంజను ఊగదు, అరవదు, భయపెట్టదు. పాత బండి వణుకుతో చెప్పిన హెచ్చరిక ఈ బండి చెప్పదు.

చట్టం ఏమంటుందో మీకు తెలుసు, పాఠకుల కోసం ఇక్కడ చెప్పాల్సి వస్తోంది. 1988 మోటారు వాహనాల చట్టం పదో సెక్షన్ ద్విచక్ర వాహనాలను రెండే రకాలుగా చూస్తుంది: గేర్లు లేనివి, గేర్లు ఉన్నవి. గేర్ల బండికి ఒకసారి లైసెన్సు వచ్చిందంటే 97 సీసీ అయినా, 349 అయినా, 241 కిలోల సూపర్ మీటియర్ 650 అయినా ఒకటే. ఆ చట్టం వచ్చిన రోజుల్లో రోడ్డు మీద తిరిగేవి ఎక్కువగా చిన్న బండ్లే కాబట్టి ఆ విభజన చాలింది. సీసీల సంగతి చట్టానికి బొత్తిగా తెలియదని కాదు. 16 ఏళ్ళు నిండినవాళ్ళు 50 సీసీ మించని బండి నడపవచ్చని నాలుగో సెక్షన్‌లోనే ఉంది. పద్దెనిమిది దాటాక మాత్రం ఆ గీత చెరిగిపోతుంది.

మిగతా అందరికీ తేడా తెలుసు. బీమా వాళ్ళు 75, 150, 350 సీసీల దగ్గర గీతలు గీశారు. 2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ ప్రీమియం స్ప్లెండర్‌కు ఏడాదికి 714 రూపాయలు, క్లాసిక్‌కు 1,366, ఆ పైవాటికి 2,804. పన్ను వాళ్ళు 350 దగ్గర గీత గీశారు. ఏబీఎస్ నిబంధన 125 దగ్గర గీసింది. కార్లు, వ్యాన్ల విషయంలో 7,500 కిలోల గీత మీద ఏళ్ళ తరబడి వాదనలు నడిచి, 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. బండి మీద కూర్చునే మనిషి నైపుణ్యానికి మాత్రం ఏ గీతా లేదు.

బయటి దేశాల్లో ఉంది. మన తెలుగువాళ్ళు వేలమంది ఉన్న సింగపూర్‌లో మొదట 200 సీసీ లోపు బండికే లైసెన్సు. ఏడాది నడిపాక మళ్ళీ క్లాసులు, మళ్ళీ పరీక్ష, అప్పుడు 400 దాకా. ఇంకో ఏడాది ఆగాక ఆ పైది. బ్రిటన్‌లో 17 ఏళ్ళకు 125 సీసీ, 19కి మధ్య తరగతి బండి, ఏ హద్దులూ లేని లైసెన్సు నేరుగా కావాలంటే 24 ఏళ్ళు నిండాలి. మన బండలాగుడు పందాల పద్ధతీ అదే, పళ్ళ లెక్క ప్రకారం బండ.

కేంద్ర చట్టాన్ని మార్చడం మీ చేతిలో లేదు, ఈ లేఖ దాన్ని అడగడం లేదు. మీ చేతిలో ఉన్నవే అడుగుతోంది.

మొదటిది పరీక్ష గురించి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది డ్రైవింగ్ పరీక్షలో ఏమేం చూడాలో చెబుతుంది. అత్యవసరంగా బండి ఆపగలగడం అందులో ఉన్న విషయమే. కానీ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకొని పరీక్షకు వచ్చే కుర్రాళ్ళకు పరీక్ష అంటే 8 వేయడం, అంతే. కాలు కింద పెట్టకుండా 8 వేస్తే అయిపోయిందనుకుంటారు. ఆ 8 తర్వాత ఒక నలభై మీటర్ల సరళరేఖ, చివర సున్నంతో గీసిన గీత. ముప్పై స్పీడులో వచ్చి, ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తగానే, రెండు బ్రేకులతో, చక్రం జారకుండా ఆపాలి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నిబంధనను అమలు చేస్తే చాలు. పద్దెనిమిదేళ్ళప్పుడే వేళ్ళకు ముందు బ్రేకు తెలిస్తే, ముప్పై ఏళ్ళకు పెద్ద బండి ఎక్కినప్పుడు సగం కష్టం తప్పుతుంది.

రెండోది పెద్ద బండికి మారేవాళ్ళ కోసం, ఒక పూట శిక్షణ. దీన్ని ఇప్పుడే తప్పనిసరి చేయమని అడగడం లేదు. దానికి కారణం ఉంది. ఇంకో కాగితం, ఇంకో సంతకం అంటే ఇంకో బ్రోకరు పుట్టుకొస్తాడని జనం భయపడతారు, ఆ భయంలో నిజముంది. మిర్చి ధర పడిన ఏడాది రైతు మీద ఇంకో ఫీజు వేయడమూ న్యాయం కాదు. ఇష్టమున్నవాళ్ళకు, ఉచితంగా, సొంత బండి మీదే నేర్పితే చాలు. షోరూముల వాళ్ళు బండి ఇచ్చే రోజే ఆ పూట తేదీ రాసిన చీటీ చేతిలో పెడితే, కొబ్బరికాయ కొట్టిన చేత్తోనే అది తీసుకుంటారు.

మూడోది లెక్క. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళే. హెల్మెట్ లేక పోయినవాళ్ళు 50,029 మంది. ఆ పట్టికల్లో బండి సీసీ ఎంత, నడిపినవాడు ఆ బండి కొని ఎన్నాళ్ళయింది అనేది కనపడదు. పోయినవాళ్ళలో ఎక్కువమంది చిన్న బండ్ల మీద వాళ్ళే కావచ్చు, ఎందుకంటే దేశంలో ఎక్కువ ఉన్నవి అవే. హెల్మెట్ ఒక్కటే అన్నిటికంటే ఎక్కువమందిని కాపాడుతుంది, ఈ లేఖ దాన్ని కాదనడం లేదు. కానీ రిజిస్ట్రేషన్ రికార్డులో సీసీ ఉంది, కొన్న తేదీ ఉంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో జరిగిన ప్రమాదాలను ఆ రెండు వివరాలతో కలిపి ఒకసారి చూడండి. కొన్న మొదటి మూడు నెలల్లో ఎన్ని జరిగాయో తేలుతుంది. తక్కువని తేలితే సంతోషం, ఆ మాటే జనానికి చెప్పవచ్చు. ఎక్కువని తేలితే, ఎక్కడ నేర్పాలో, ఎవరికి నేర్పాలో తెలుస్తుంది.

నేర్పడానికి స్థలం ఎక్కడ అనే ప్రశ్న వస్తుంది. స్థలం ఉంది. వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులిస్తారు. అదొక్కటే కాదు, చిలకలూరిపేటలో, నరసరావుపేటలో, అద్దంకిలో, పర్చూరులో, ఇంకా ఎన్ని చోట్ల మార్కెట్ యార్డులు లేవు! సరుకు లేని రోజుల్లో ఆ గచ్చు నేలలు ఖాళీగా ఉంటాయి. గేటు ఉంటుంది, నీడకు షెడ్డు ఉంటుంది, తాగడానికి నీళ్ళుంటాయి. వ్యవసాయ మార్కెటింగ్ శాఖతో మాట్లాడి ఒక యార్డు, ఒక ఆదివారం తీసుకోండి. నాలుగు కోన్లు, ఒక బస్తా సున్నం, మీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లలో పెద్ద బండి బాగా నడిపే ఇద్దరు. ఊళ్ళో యాభై ఏళ్ళుగా బుల్లెట్ నడుపుతున్న పెద్దవాళ్ళను కూడా పిలవండి, పిలిస్తే వస్తారు, వచ్చి సాయంత్రం దాకా ఉంటారు.

పొద్దున్నే చల్లటి వేళ ఇరవై మంది వస్తారనుకోండి. మొదటి గంట బండ్లు స్టార్టే చేయనక్కర్లేదు. ఒక బండిని గోనెపట్టా మీద మెల్లగా పడుకోబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి, వీపు ఆనించి ఎలా లేపాలో చేయించాలి. తర్వాత గంట రెండు కోన్ల మధ్య, క్లచ్చి మీద, కాలు దించకుండా 8లు. ఎండెక్కేలోపు సున్నపు గీత దగ్గర బ్రేకులు. వెనక ఎక్కే భార్యో, తల్లో, చెల్లెలో వెంట వస్తే వాళ్ళనూ ఎక్కించుకొని అదే గీత దగ్గర ఇంకో అయిదు సార్లు, ఎందుకంటే వెనక మనిషి ఉంటే బండి ఆగే తీరే వేరు. వెళ్ళేటప్పుడు హెల్మెట్ పట్టీ బిగించుకున్నారో లేదో గేటు దగ్గర ఒకరు చూడాలి.

వచ్చే సంక్రాంతికి కొత్త బండ్లు మళ్ళీ ఊళ్ళలోకి వస్తాయి. పత్తి అమ్మిన డబ్బు అప్పటికి చేతికొస్తుంది. ఆ లోపు ఒక్క యార్డులో మొదలుపెట్టించండి. తేదీ ప్రకటిస్తే చాలు, పంచాయతీ మైకులో చెప్పించే పని ఊళ్ళవాళ్ళు చూసుకుంటారు.

ఇట్లు,
గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం రోడ్ల మీద బండి నడిపేవాళ్ళ తరఫున